ఒంటిరంగు అల్లిక చదరము



నేడు నేను ప్రస్తావింపబోవు విషయము మొదట మీకు వింతగా తోచవచ్చును. ఇది పంటల సంగతి కాదు, చెరువు మరమ్మతు కాదు, పశువుల జబ్బులును కావు. మధ్యాహ్నభోజనములైన పిమ్మట మన యిండ్ల ఆడువారు అరుగుమీదనో సావిడిలోనో కూర్చుండి క్రోషే సూదితో అల్లు దారపు చదరమును గుఱించి చెప్పబోవుచున్నాను. “అది ఆడువారి ముచ్చట, మాకేల?” అని యెవరైన అనవచ్చును. కాని గ్రామములో లెక్కలు చూచువారు మీరు. ధాన్యపు కొలత తప్పిన మీరు పట్టుకొందురు. కూలి లెక్క తప్పిన సరిదిద్దుదురు. ఈ చదరము మొదటినుండి తుదివఱకు లెక్కతో నడచు వస్తువు. దానిని అల్లిన చేతుల శ్రమకు మాత్రము పెక్కిండ్లలో లెక్క లేదు. గోదావరి మండలములో నరసాపురము చుట్టుపట్ల తరతరములుగా స్త్రీలు ఈ సూదిని పట్టి అల్లిన లేసు దేశాంతరములకు పోవుచున్నది గనుక, ఈ లెక్క మనకు పరాయిది కాదు. ముందు చదరము లెక్క తెలిసికొందము. పిదప శ్రమ లెక్కకు వత్తము.

అల్లికలలో ముఖ్యముగా రెండు తెగలు గలవు. రెండు సూదులతో ఉన్ని అల్లునప్పుడు ఒక వరుసలోని ఉచ్చులన్నియు సూదిమీదనే నిలిచియుండును. క్రోషే అల్లికలో సూది ఒక్కటే. దాని కొనయందు చిన్న కొక్కెమున్నది. ఎంత పెద్ద దుప్పటి అల్లినను, పని జరుగుచున్నంతసేపు సూదిమీద నిలువ యుండునది సాధారణముగా ఒక్క ఉచ్చే. ఒక ఉచ్చులోనుండి మఱొక ఉచ్చును లాగుటయే ఈ విద్యకంతకును మూలము. కొస ముడి వేయకున్న, దారము పట్టి లాగిన గంటల తరబడి అల్లినది నిమిషములలో ఊడిపోవును. అందుచేత తప్పు దొరలినచో దిద్దుకొనుట సులభము. కాని దిద్దుకొనుటకు పోయిన కాలము మాత్రము తిరిగి రాదు.

మనము చెప్పుకొను చదరమును ఇంగ్లీషువారు గ్రానీ స్క్వేరందురు. అవ్వగారి చదరమని భావము. ఇంటిలో మిగిలిపోయిన ఉన్ని ముక్కలను పాఱవేయక, చిన్న చిన్న చదరములుగా అల్లి, వానిని కలిపి కంబళ్లు చేసికొనుట పాశ్చాత్యదేశముల గృహిణుల పొదుపు మార్గము. మన అవ్వలు పాతచీరలు పొరలుగా పేర్చి బొంత కుట్టిన తీరే అది. ఇట్టి చదరమును అల్లు విధము 1885 లో అమెరికాలో ‘ప్రెయిరీ ఫార్మర్’ అను వ్యవసాయపత్రికలో అచ్చుపడినది. రైతుల పత్రికలో ఇది చోటు చేసికొనుట ఊరక కాదు. సేద్యగాని యింట ఏ ముక్కయు వ్యర్థము కారాదు గదా.

మిగిలిన ముక్కలతో అల్లునది గనుక అది సాధారణముగా పలురంగుల వస్తువు. ఒక్కొక్క చుట్టు ఒక్కొక్క రంగు. అయినను నేనిచట ఒకే రంగు చదరమును తీసికొనుటకు కారణము కలదు. పలురంగులలో కన్ను రంగుమీద నిలుచును. చిన్న తప్పు ఆ సందడిలో మఱుగుపడును. ఒంటిరంగు చదరమున మఱుగు లేదు. ఒక కుట్టు తక్కువైనను, దారము ఒకచోట బిగిసి మఱొకచోట వదులైనను వెంటనే కనబడును. తెల్లని సున్నపు గోడమీద మరక వంటిది. దాని అందమంతయు సమమైన చేతిలోను, తప్పని లెక్కలోను ఉన్నది.

ఇక అల్లు విధము. దారపు కొసకు జారుముడి వేసి సూదికెక్కింపవలెను. దారమును కొక్కెముతో పట్టి ఆ ముడిలోనుండి ఈవలకు లాగిన ఒక గొలుసు కన్ను ఏర్పడును. ఇట్టి కన్నులు 4 అల్లి, సూదిని మొదటి కన్నులో గ్రుచ్చి దారము లాగి కలిపినచో చిన్న వలయమగును. ఇదే చదరమునకు నాభి.

వలయముపై 3 గొలుసు కన్నులు పైకి అల్లవలెను. ఇవి ఒక నిలువుకుట్టుకు బదులు. నిలువుకుట్టనగా నేమి? సూదిమీద దారమును ఒకసారి చుట్టి, సూదిని వలయములో దించి, దారమును పట్టి పైకి తీసిన సూదిమీద 3 ఉచ్చులుండును. మఱల దారము పట్టి రెండుచ్చులలోనుండి లాగవలెను; మఱల పట్టి మిగిలిన రెంటిలోనుండి లాగవలెను. అది ఒక నిలువుకుట్టు. ఇట్టివి రెండు వేసిన, మొదటి గొలుసుతో కలిసి మూడగును. ఈ మూటిని కలిపి గుత్తి యందము. గుత్తి కాగానే 2 గొలుసు కన్నులు వేయవలెను, అది మూల. ఇట్లు వలయము చుట్టును 4 గుత్తులు, 4 మూలలు వేసి, మొదటి గుత్తి తలతో కలిపినచో మొదటి చుట్టు ముగియును.

రెండవ చుట్టునుండి మూలయే ప్రధానము. ప్రతి మూల సందులోను ఒక గుత్తి, 2 గొలుసు కన్నులు, మఱొక గుత్తి వేయవలెను. అనగా ఒక్కొక్క మూల రెండు గుత్తులకు చోటిచ్చును. మూడవ చుట్టునుండి మూలలలో ఇట్లే రెండేసి గుత్తులు వేయుచు, నడుమ ప్రక్కలయందు క్రింది చుట్టులో గుత్తికిని గుత్తికిని మధ్యనున్న ప్రతి సందులో ఒక్కొక్క గుత్తి వేయుచు పోవలెను. ప్రక్కలలో గుత్తుల నడుమ ఒక గొలుసు కన్ను వేయువారు కలరు, వేయనివారును కలరు. ఏ పద్ధతి మొదలిడిన అదే తుదివఱకు సాగవలెను.

సూది పట్టనివారికి సైతము పనికివచ్చు సూత్రమొకటి ఇందులో కలదు. ఎన్నవ చుట్టో, ఒక్కొక్క ప్రక్కకు అన్ని గుత్తులు. మొదటి చుట్టులో ప్రక్కకు ఒకటి. రెండవ దానిలో రెండు. అయిదవ దానిలో అయిదు. చుక్కల ముగ్గులో వరుసకిన్ని చుక్కలని మన ఆడపిల్లలు లెక్క తప్పక పెట్టుదురు, ఇదియు అట్టిదే. 5 చుట్ల చదరములో మొదటి చుట్టుకు 12 కుట్లు, రెండవదానికి 24, మూడవదానికి 36, నాలుగవదానికి 48, అయిదవదానికి 60. వెరసి 180 నిలువుకుట్లు. మూలల గొలుసులు దీనికి వేఱు. అఱచేతిపై పెట్టుకొను ముక్కలో ఇన్ని కుట్లున్నవని చూచువారికి తోచదు.

తప్పులను పోల్చుకొనుటయు కష్టము కాదు. చదరము నేలమీద పఱచినప్పుడు గిన్నెవలె నడుమ గుంటపడిన, చేయి మిక్కిలి బిగువుగా నున్నదని గాని, ఎక్కడనో గుత్తి తప్పినదని గాని తెలిసికొనవలెను. అంచులు కుచ్చిళ్లవలె లేచిన, కుట్లు అధికమైనవి లేదా చేయి వదులైనది. మూడు మూలలే కనబడిన, ఒక మూల సందులో రెండవ గుత్తి మఱచిరి. ప్రతి చుట్టు చివరను ప్రక్కల గుత్తులు ఎంచి చూచినచో ఊడదీయవలసినది ఒక్క చుట్టే. ఎంచక పోయినచో చదరమంతయు.

ఒంటిరంగు చదరమునకే చెందిన చిక్కు ఒకటి చెప్పవలెను. ఎల్లప్పుడు ఒకే ముఖముతో, ఒకే దిక్కుగా అల్లుచు పోయినచో, చదరము క్రమక్రమముగా మెలితిరిగి మూలలు ఒకవైపునకు ఒరగును. నిలువుకుట్టు తల తన కాండమునకు సరిగా నెత్తిన గాక కొంచెము ప్రక్కకు జరిగి నిలుచును. ఒక్క కుట్టులో అది లెక్కకు రాదు. చుట్టు చుట్టునను ఒకే ప్రక్కకు కూడుచు వచ్చిన కంటికి కనబడును. ఒకేవైపు పేనిన తాడు ముణుగులు పడునట్లే ఇదియు. మందు సులభము: ప్రతి చుట్టు ముగియగానే పనిని వెనుకకు త్రిప్పి రెండవ ముఖముతో తరువాతి చుట్టు అల్లవలెను. ఒకదాని ఒరుగు మఱొకటి సరిచేయును. దీనివలన మఱొక లాభము కూడ కలదు. చుట్టు చివర కలిపిన చోటునకు ప్రక్కనే కడపటి మూల సందు ఉండును. త్రిప్పగానే అది ముందునకు వచ్చును గనుక సూదిని అందులోనే దించి క్రొత్త చుట్టు మొదలిడవచ్చును. త్రిప్పనిచో, గుత్తి తలమీదుగా ఒక్కొక్క కుట్టును దాటుచు మూల సందును చేరవలసివచ్చును.

దారము కొనునప్పుడు ఒక జాగ్రత్త. ఒకే రంగని అంగడివాడు చెప్పినను, వేర్వేఱు దినములలో వేర్వేఱు కాగులలో అద్దిన దారములు సరిగా ఒకటి కావు. ఈ సంగతి నేతగాండ్రకు బాగుగా తెలియును. ఉండలపై అంటించిన చీటీలలో రంగు సంఖ్యతోపాటు అద్దకపు సంఖ్య కూడ ఉండును. పనికి కావలసిన దారమంతయు ఒకే అద్దకపు సంఖ్యదిగా ఒకేసారి కొనవలెను. లేకున్న దుప్పటి సగమయిన పిదప తక్కిన సగము వెలిసినట్లు కనబడును. చేయునది తెల్లదారముతో అయిన చేతులు కడుగుకొని, ఒడిలో శుభ్రమైన గుడ్డ పఱచుకొని కూర్చుండవలెను.

ఒంటిరంగులో ఒక సౌకర్యమును కలదు. దారము తెంపనక్కఱలేదు గనుక చదరమునకు మొదటి కొస, చివరి కొస, అంతే. అయిదు చుట్లకు అయిదు రంగులు మార్చిన, 10 కొసలను సూదితో కుట్లలోనికి దూర్చి దాచవలెను. చదరములు పూర్తియైన పిమ్మట తడిపి, చాపమీద గాని అట్టమీద గాని నాలుగు మూలలు సమముగా లాగి గుండుసూదులు గ్రుచ్చి ఆరబెట్టినచో అన్నియు ఒకే కొలతకు వచ్చును. అప్పుడే కలుపుటకు వీలగును.

ఇక శ్రమ లెక్కకు వత్తము. ఒక చదరము ప్రక్క 6 అంగుళములని ఎంచుడు. 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు గల దుప్పటికి అడ్డముగా 8, నిలువుగా 12, వెరసి 96 చదరములు కావలెను. చదరమునకు 180 కుట్లయిన, 96 చదరములకు 17,280 కుట్లు. చేయి తిరిగిన స్త్రీకి ఒక్కొక్క చదరము అరగంట పట్టునని ఎంచిన 48 గంటలు. దినమునకు 8 గంటల చొప్పున ఆఱు దినముల పని. ఇంతటితో ముగియలేదు. కొసలు 192, వానిని దాచవలెను. చదరములను కలుపు కుట్టు నిలువున 7 వరుసలు, అడ్డమున 11 వరుసలు. నిలువు వరుస 6 అడుగులు, అడ్డవరుస 4 అడుగులు. అనగా 42 అడుగులును 44 అడుగులును కలిసి 86 అడుగుల కుట్టు. తరువాత చుట్టును అంచు అల్లవలెను, ఉతికి ఆరవేయవలెను. ఊడదీసి మఱల అల్లినది, ఆరబెట్టినది, దారపు ఉండ చుట్టినది ఈ లెక్కలో చేరనే లేదు.

ఇంత పని చేసిన ఇల్లాలిని “ఏమి చేయుచున్నావమ్మా?” యని అడిగిన, “ఏమున్నది, ఊరక కూర్చున్నాను” అని చెప్పును. మనమును ఆ మాటనే నమ్ముదుము.

ఈ పనిని యంత్రము చేయునని కొందఱు తలంతురు. బట్ట నేయుటకు, బనీను అల్లుటకు యంత్రములు వచ్చినవి. క్రోషే కుట్టును చేతివలె వేయు యంత్రము మాత్రము వర్తకపు వాడుకలోనికి రాలేదు. క్రోషే వంటిదని యంత్రముపై చేయునది చూపునకు పోలియుండును గాని అల్లిక వేఱు. కావున ఏ పట్టణపు అంగడిలో నిజమైన క్రోషే గుడ్డ చూచినను, దాని వెనుక ఎచటనో ఒక స్త్రీయో పురుషుడో కూర్చుండి ఒక్కొక్క కుట్టును చేతితో వేసియున్నారని నిశ్చయముగా నమ్మవచ్చును. ఆ అంగడిలో దాని వెల మిక్కిలి తక్కువయైన, ఆ తక్కువ ఎవరి చేతికి వచ్చినదో ఊహించుకొనవలెను.

కఱవు కాలమున ఈ సూది ప్రాణములు నిలిపిన దేశములు కలవు. ఐర్లండులో 1845 మొదలు కొన్నియేండ్లు ఉర్లగడ్డ పంట తెగులువలన నాశమై ఘోరమైన కఱవు వచ్చినప్పుడు, క్రైస్తవ సన్న్యాసినుల మఠములును, దయగల స్త్రీలును పేదలకు క్రోషే లేసు నేర్పి కూడు పెట్టిరి. అచట ఒకరు పువ్వులు, ఒకరు ఆకులు విడివిడిగా అల్లుటయు, పిదప వానిని వలవంటి అల్లికతో కలుపుటయు వాడుకయైనది.

మన గోదావరి సీమకు ఈ విద్యను 19వ శతాబ్దమున పాశ్చాత్య మిషనరీ కుటుంబములు తెచ్చినవి. మొదట పేద క్రైస్తవ స్త్రీలకు నేర్పినది పిదప అన్ని యిండ్లకును ప్రాకినది. గడప దాటి పొలమునకు పోని కుటుంబముల స్త్రీలకు ఇది ఇంటిపట్టున నాలుగు డబ్బులు తెచ్చు మార్గమైనది. నరసాపురమునందును పని పంచబడినది. కొందఱు పువ్వులను, చదరములను అల్లుదురు. ఆ పని చేతిపని. మఱికొందఱు వానిని కలుపుదురు; అది అతుకుపని. దారము ఇచ్చి సరకు తీసికొనిపోవువారు వేఱు. విదేశములకు పంపు వర్తకులు వేఱు. ఇంటిలో కూర్చున్న స్త్రీకి తన పువ్వు ఏ దుప్పటిలో చేరినదో, ఆ దుప్పటి ఎంతకు అమ్ముడుపోయినదో తెలియు దారి లేకపోయెను.

జర్మనీ దేశపు విదుషి మరియా మీస్ నరసాపురము ప్రాంతమున ఈ స్త్రీల జీవితమును పరిశీలించి 1982 లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ అను గ్రంథమును ప్రకటించెను. ఆమె తేల్చిన ముఖ్యాంశము మన చెవికి ఎక్కవలసినది. ఈ స్త్రీలు లోకపు సంతకు సరకు చేయుచున్నను, వీరు కూలివారని యెవరును అనలేదు, గృహిణులనిరి. వీరి పనిని తీరుబడి వేళ కాలక్షేపమనిరి. కాలక్షేపమునకు కూలి యేల యని తక్కువ యిచ్చిరి. పొలమునకు పోకుండుట గౌరవమని స్త్రీలును, వారి యింటివారును తలచుటచేత, ఆ గౌరవమే వారి కూలిని కప్పిపుచ్చినది. ఒంటిరంగు చదరములో తప్పు దాగదు గాని, మర్యాదయను తెఱ వెనుక ఇట్టి తప్పు ఎన్నియేండ్లయినను దాగగలదు.

2024 లో నరసాపురపు క్రోషే లేసునకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. అనగా ఆ పేరు ఆ సీమలో చేసిన సరకునకే చెల్లును. ఇది సంతోషింపవలసిన విషయము. అయితే పేరునకు రక్షణ వచ్చినంతమాత్రమున చేతికి కూలి తనంత తాను రాదు. దానికి ఇంటిలోను, ఊరిలోను లెక్క పెట్టువారు కావలెను.

అందుచేత మీకు మూడు మనవులు. మొదటిది, మీ యింట గాని మీ ఊర గాని స్త్రీలు ఈ పని ఒప్పుకొన్నచో, ఒక చిన్న పుస్తకము తెఱిపింపుడు. ఏ దినమున ఎంత దారము వచ్చినది, ఎన్ని చదరములు ఎన్ని గంటలలో అయినవి, ఎప్పుడు తీసికొనిపోయిరి, ఎంత ఇచ్చిరి, ఇవి వారిచేతనే వ్రాయింపుడు. వ్రాయరాని అవ్వకు మనుమరాలు వ్రాసిపెట్టును. రెండవది, ధర ముందుగా మాటలాడుకొనవలెను. చదరములకే గాక, కొసలు దాచుటకును, అతుకుపనికిని, అంచునకును వేర్వేఱుగా. దారపు తరుగు ఎవరిదో, సరకు వాపసు వచ్చిన నష్టమెవరిదో కూడ ముందే తేల్చుకొనవలెను. ఊరిలో పదిమంది అల్లువారు ఒక్క ధర చెప్పిన వినువాడు వినును. పదిమంది పది ధరలు చెప్పిన, అన్నిటికంటె తక్కువదే ధర యగును. మూడవది, వచ్చిన సొమ్ము అల్లిన చేతికే చేరవలెను.

ఇది కాక మీరు ఈ దినముననే చేయదగిన పని మఱొకటి కలదు. మసక వెలుతురులో సన్నదారము అల్లిన కన్నులు అలసిపోవును. వంగి కూర్చున్న మెడ, వ్రేళ్లు నొచ్చును. గాలి వెలుతురు గల చోటు, ఆనుకొని కూర్చుండుటకు పీట, నడుమ నడుమ లేచి తిరుగుటకు తీరిక, ఇవి ఇంటి పెద్ద తలచిన కానివి కావు.

మీలో ఎవరికైన ఉబుసుపోని మధ్యాహ్నమున్న, మనుమరాలి ప్రక్కన కూర్చుండి ఒక్క చదరము అల్లి చూడుడు. నవ్విన నవ్వనిండు. నాలుగు కన్నుల వలయము, ప్రక్కకొక్క గుత్తి, మూలకు రెండు. అయిదు చుట్లు తప్పక పూర్తిచేసి, చేయి దులుపుకొని గడియారము వంక చూడుడు. ఆ చదరపు వెల ఎంతయో అప్పుడు మీరే నిర్ణయింపగలరు. ఆ నిర్ణయమును మఱునాడు దారము పంచవచ్చినవానితో చెప్పుడు.

సెలవు.